ఎడమకి ఇరవై

తమ్ముడు కొన్న కారు ఇంటికి వచ్చిన రోజున బావ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెట్టు మీద చెయ్యి వేసి, "ఏరా బామ్మర్దీ, ఇది ఎక్కి తిరగడానికా, దీన్నుంచి పారిపోవడానికా?" అన్నాడు.

"నాలుగొందల గుర్రాలు బావా. నీ బస్సుకి ఎన్నుంటాయి? నూటయాభయ్యా?"

"నా బస్సులో యాభై మంది మనుషులుంటారు. ఆగిపోతే వాళ్ళే దిగి తోస్తారు. నీ గుర్రాలు దిగుతాయేంట్రా?"

అక్క నవ్వలేదు. అప్పటికే టార్చి పట్టుకుని కారు కింద వెల్లకిలా పడుకుని ఉంది. బయటికి రెండు కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే, ఆమె భర్త బావే. తమ్ముడు పిలిచిన పిలుపులే అందరి నోళ్ళలోనూ స్థిరపడిపోయాయి. తమ్ముడికి ఏడేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పటినుంచి వాడికి తల దువ్విన దగ్గర్నుంచి జ్వరం వస్తే నుదుట తడిగుడ్డ వేసిన దాకా అన్నీ అక్కే చేసింది. వాడికిప్పుడు ఇరవై ఆరు. కానీ రోడ్డు దాటేటప్పుడు ఇప్పటికీ ఆమె చెయ్యి దానంతటదే వాడి మణికట్టు వెతుక్కుంటుంది.

ఆమె ఆస్పత్రి మంచాలు చేసే ఫ్యాక్టరీలో వెల్డర్. పదకొండేళ్ళుగా అదే పని. మంచం చట్రాన్ని మూల నుంచి అవతలి మూలకి కొలుస్తారు. రెండు ఐమూలలూ సమానంగా వస్తే మంచం ఊగదు. ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా ఒక కాలు గాలిలో ఉండిపోతుంది, పడుకున్న రోగికి తెలుస్తుంది. తేడా ఎంతుందో సూపర్‌వైజరు సుద్దముక్కతో మంచం కోడు మీద రాస్తాడు. అక్క చేసిన మంచాల మీద ఎప్పుడూ సున్నాయే. మాటలు పెద్దగా రాని మనిషి ఆమె. ఆ సున్నాలే ఆమె తరఫున మాట్లాడేవి.

"ఇంజిను ఏనుగురా, ఒళ్ళేమో అట్టపెట్టె," అంది కారు కిందనుంచి బయటికి జారి. "గట్టిగా తొక్కితే మధ్యలో మెలిపడుతుంది. అదిగో, సీటు కింద రేకు అప్పుడే చీలింది."

"అందుకేగా నీ దగ్గరికి తెచ్చింది! ఛాసిస్‌కి పట్టీలు వెయ్యి. ఆదివారం కొండరోడ్డు పందెం. పదకొండూ ఇరవైకి నా వంతు."

"బయట వర్క్‌షాపులో చేయించరాదూ?"

"వాళ్ళ అతుకుల మీద నేను కూర్చోనక్కా," అన్నాడు వాడు. ఆ ఒక్క మాటతో ఆమె వారం రోజులు సెలవు పెట్టేసింది.

ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. గచ్చు నేల, ఒక పక్క కిటికీ, వెనక గోడ దగ్గర నేలలో పాతిన లావుపాటి ఇనుప కొంకీ. కారుని నాలుగు స్టాండ్ల మీదికి ఎత్తింది. బ్యాటరీ విప్పింది. పెట్రోలు ట్యాంకు దించి, పెరట్లో దూరంగా పెట్టించింది. సీట్లు పీకేసింది. తలుపులు మాత్రం బిగించి ఉంచింది. తలుపులు తీసేస్తే కారు ఒళ్ళు కుంగిపోతుంది, కుంగిన ఒంటికి పట్టీ వేస్తే ఆ కుంగడం జన్మకి పోదు. స్టీరింగ్ తాళం వేసి, తాళంచెవి తన ఏప్రన్ జేబులో వేసుకుంది. ఛాసిస్ నాలుగు మూలల నుంచీ నాలుగు దారాలు కట్టి, చివర గుండ్లు వేలాడదీసింది. తాపీ పనివాళ్ళు గోడ నిటారు చూసుకునే గుండ్లే అవి, మొన సన్నంగా ఉంటుంది. ఆ మొనల కింద గచ్చు మీద సుద్దతో నాలుగు చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క చుట్టూ సున్నా చుట్టింది. టేపు పట్టి రెండు ఐమూలలూ కొలిచింది. సమానం. నోట్‌బుక్కులో 'సోమవారం, 0' అని రాసుకుంది.

వేడి ఎటు తగిలితే చల్లారేటప్పుడు ఇనుము అటు లాక్కుంటుంది. అందుకని ఒక అంగుళం అతికి, నాలుగంగుళాలు వదిలెయ్యాలి. లేచి అవతలి పక్కకి వెళ్ళి అక్కడొక అంగుళం అతకాలి. మళ్ళీ ఇటు రావాలి. చూసేవాడికి ఇదేం పని, కాలు నిలవదా అనిపిస్తుంది. అక్కకి మాత్రం ఆ అటూఇటూ తిరగడం ఇష్టం. అతికిన ప్రతిసారీ వెనక్కి వాలి, ఇనుము చల్లారుతూ చేసే చప్పుడు వినేది. టిక్. టిక్. వాన వెలిశాక చూరు కారినట్టు, ఒక్కోటీ ఆలస్యమవుతూ ఆగిపోతుంది.

తమ్ముడు షెడ్డు గుమ్మంలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, చేతిలో సత్తు మూత పట్టుకుని, కళ్ళు మూసుకుని పందెం రోడ్డంతా అప్పజెప్పుకునేవాడు. "ఒకటి కుడి. రెండు కుడి, సన్నది. మూడు ఎడమ. నాలుగు కుడి. అయిదు ఎడమ, పెద్దది, మెడ తిప్పి చూడాలి." మూత తిరిగేది. బయల్దేరిన నిమిషం మీద పది సెకన్లకి వాడు అయిదో మలుపులో ఉండేవాడు. రోజుకి నలభైసార్లు వినీ వినీ ఆ రోడ్డు అక్కకీ కంఠతా వచ్చేసింది.

మంగళవారం పొద్దున, ఇనుము పూర్తిగా చల్లగా ఉండగా కొలిచింది. ఒక ఐమూల రెండోదాని కంటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. ముందున్న రెండు గుండ్లూ సుద్దచుక్కల్ని వదిలి కొంచెం ఎడమకి జరిగాయి.

"నావల్లే," అనుకుంది. ఎడమ పక్క వేడి ఎక్కువై ఉంటుంది. ఆ రోజు పనంతా కుడిపక్కే చేసింది, కుడికి లాగుతుందని.

బుధవారం పొద్దున అయిదు. ఎడమకే.

ఇలా జరగడానికి వీల్లేదు. అక్క మళ్ళీ కొలిచింది. టేపు మార్చి కొలిచింది. తమ్ముణ్ణి పిలిచి అవతలి కొస పట్టుకోమని కొలిచింది.

"రాత్రి నువ్వేమైనా కదిపావా?"

"దాన్ని కదపాలంటే నేనూ బావా ఇంకో నలుగురూ కావాలి. బావేమో మంచం మీంచి కదలడు."

"విన్నాన్రా," అన్నాడు పెరట్లో పళ్ళు తోముకుంటున్న బావ.

అప్పుడు చూసింది ఆమె, ముందు చక్రాల్ని. స్టాండ్ల మీద కారు, గాలిలో చక్రాలు. సోమవారం తిన్నగా పెట్టి తాళం వేసినవి. ఇప్పుడు రెండూ ఒక వేలు మందాన ఎడమకి తిరిగి ఉన్నాయి. జేబులో చెయ్యి పెట్టింది. తాళంచెవి జేబులోనే ఉంది. చక్రాన్ని పట్టుకుని వెనక్కి తిప్పబోయింది. ఉలకలేదు. తాళం గట్టిగానే ఉంది.

ఆ సంగతి తమ్ముడికి చెప్పలేదు. చెబితే ఏమని చెప్పాలో తెలియలేదు.

గురువారం తొమ్మిది.

ఆ పొద్దున షెడ్డు తలుపు తీసినప్పుడు లోపల టిక్, టిక్ అని వినిపించింది. పన్నెండు గంటలుగా ఎవరూ నిప్పు తగిలించని ఇనుము. దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించింది. కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. చెయ్యి కింద మళ్ళీ టిక్‌మంది. ఎండ కిటికీలోంచి పడి, షెడ్డంతా వెలుగుగా ఉంది. వీధిలో ఎవరో కూరగాయలు బేరమాడుతున్నారు. పట్టపగలు, ఇంత మంది మధ్యలో భయపడటానికి ఆమెకే సిగ్గేసింది. మాస్కు దించుకుని పనిలో పడింది.

సీట్లు ఉండే చోట అడ్డంగా ఒక పెద్ద పట్టీ వెయ్యాలి. అదే చివరిదీ, ముఖ్యమైనదీ. దానికోసం నేలరేకు మీది పాత తారుపూత గీకుతుంటే, పూత కింద ఇనుము మీద సూదిమొనతో గీసిన అంకెలు కనిపించాయి. బ్రష్షుతో తుడిచింది. ఒకదాని కింద ఒకటి, పొందిగ్గా, పని తెలిసిన చెయ్యి గీసినట్టు ఉన్నాయి.

2
5
9
14
20
0

అక్క నోట్‌బుక్కు తీసి పక్కన పెట్టి చూసింది. రెండు. అయిదు. తొమ్మిది. చాలాసేపు అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయింది.

కానీ ఆమె చూపు చివరి అంకె మీదే ఆగింది. సున్నా. దాని కింద ఒక గీత కూడా ఉంది, సూపర్‌వైజరు మంచి మంచం మీద గీసినట్టే. హమ్మయ్య అనిపించింది. ఎవరో ఇంతకు ముందే ఈ తంటా అంతా పడ్డారు, పడి చివరికి సాధించారు. రేపు పధ్నాలుగు రావచ్చు, ఎల్లుండి ఇరవై రావచ్చు. తర్వాత సున్నా.

అయినా ఏదో మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. శుక్రవారం పొద్దున పధ్నాలుగు వచ్చాక ఆమె వెల్డింగ్ ముట్టుకోలేదు. కారుకి మిషను ఎర్త్ క్లిప్పు కూడా తగిలించలేదు. రోజంతా షెడ్డులో ఒక ముక్కాలిపీట మీద కూర్చుని ముందు గుండుని చూస్తూ ఉంది. అన్నం పెట్టిన తర్వాత కంచం ముందు ఎంతసేపైనా చూస్తూ కూర్చుంటుందని చిన్నప్పుడు ఆమెని అందరూ ఎగతాళి చేసేవారు. ఆ ఓపికే ఇప్పుడు అక్కరకొచ్చింది. గుండు కదలడం కనిపించలేదు. కానీ కళ్ళు మూసి తెరిచిన ప్రతిసారీ, అది ఇందాక ఉన్న చోట లేదనిపించేది.

"ఏంటక్కా, పని మానేసి కారుకి కాపలా కాస్తున్నావా?" తమ్ముడు చిరాకు పడ్డాడు. "రేపు సాయంత్రానికి అయిపోవాలి. పందెం ముందు తనిఖీ వాళ్ళు కొలతలు చూస్తారు. వంకర ఉంటే గేటు దగ్గర్నుంచే పంపించేస్తారు."

"ఇది ఎవరి కారురా ఇంతకు ముందు?"

తమ్ముడు నీళ్ళు నమిలాడు. "అమ్మినవాడు చెప్పలేదు."

"అమ్మినవాడి నంబరియ్యి."

పాత కార్ల వ్యాపారి ఫోన్లో ముందు మాట దాటేశాడు. అక్క ఫోను పెట్టెయ్యకుండా మౌనంగా ఉండిపోయింది. ఆ మౌనం భరించలేక వాడే చెప్పాడు: కారుకి అంతకుముందు పట్టీలు వేసిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఇప్పుడు వెల్డింగ్ మానేసి కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాడు, కాలవ అవతలి సందులో, నీలం తలుపు.

శనివారం పొద్దున ఇరవై. ముందు రోజంతా ఎవరూ ముట్టుకోని కారు. అంకె చూసి, నోట్‌బుక్కులో రాసుకోకుండానే అక్క చెప్పులు తొడుక్కుంది.

నీలం తలుపు వెనక గది చిన్నది. గోడ పొడవునా కుట్టుమిషన్ల తలలు వరసగా పెట్టి ఉన్నాయి. పెద్దాయన ఒక మిషను కడుపులోకి నూనె పోస్తున్నాడు. చేతుల మీద పాత నిప్పురవ్వల మచ్చలు. వెల్డర్ చేతులు ఎక్కడున్నా వెల్డర్‌కి తెలుస్తాయి.

"మిషను తెచ్చావా అమ్మా?"

"కాదండీ. ఒక కారుకి పట్టీలు వేస్తున్నాను. మా తమ్ముడిది. ఇంతకు ముందు అది మీ..."

ఆయన చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు. "ఎంతదాకా వచ్చింది?"

అంకెల గురించి ఆమె ఇంకా ఒక్క మాటా చెప్పలేదు.

"ఇరవై," అంది.

ఆయన నూనెడబ్బా కింద పెట్టి, గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "కూర్చో తల్లీ."

"ఆ అంకెలు మీరు గీసినవేనా?"

"కాదు. నాకూ నీకు కనిపించినట్టే కనిపించాయి. తారు కింద. ఎవరు గీశారో, ఎప్పుడు గీశారో నాకు తెలీదు. నాకూ రోజూ అవే వచ్చాయి. రెండు, అయిదు, తొమ్మిది. చివర సున్నా చూసి ఏమనుకున్నానో చెప్పనా? ముందెవడో సాధించాడు, నేనెందుకు సాధించలేను అనుకున్నా. మన పనోళ్ళకి సున్నా కనిపిస్తే ఇంకేమీ కనిపించదు."

"తర్వాత?"

"సాధించా." ఆయన మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "చైన్‌ కప్పీ వేసి కుడికి లాగా. లాగి పట్టుకుని, సీట్ల కింద అడ్డపట్టీ అతికేశా. కొలిస్తే సున్నా. మూడుసార్లు కొలిచా. ఈల వేసుకుంటూ అన్నానికి వెళ్ళా. మర్నాడు మా అమ్మాయి నడిపింది."

మిషన్ల సూదులన్నీ ఒకే వైపు మెరుస్తున్నాయి.

"కొండరోడ్డు మీదా?"

"అయిదో మలుపు."

"ఎడమ," అంది అక్క. "పెద్దది. మెడ తిప్పి చూడాలి."

ఆయన తల ఊపాడు. "తర్వాత వెళ్ళి చూశాను. స్టీరింగ్ చివరికంటా ఎడమకే తిప్పి ఉంది. చక్రాలూ ఎడమకే ఉన్నాయి. మా అమ్మాయి తప్పేమీ లేదు. కారు మాత్రం తిన్నగా పోయి బండరాయికి కొట్టుకుంది. అది వారం రోజులు మలుపు తిరగడానికే చూసింది తల్లీ, నెమ్మదిగా, దాని చేతనైనంత. తిన్నగా ఉండమని నేనే దాన్ని లాగి కట్టేశా." గుడ్డ మడతపెట్టాడు. "మాట విన్నది."

అక్క లేచి నిలబడింది.

"ముందు భాగం కొత్తది వేసి, నా పట్టీ కోసేసి, మళ్ళీ తారు పూసి అమ్ముకున్నారు," అన్నాడాయన ఆమె వెనకనుంచి. "నేల మాత్రం అదే."

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. షెడ్డు గుమ్మంలోనే తమ్ముడు ఎదురొచ్చాడు. ముఖం వెయ్యి దీపాలు పెట్టినట్టు వెలిగిపోతోంది. మోచేతుల దాకా మసి.

"అక్కా! సున్నా!"

ఆమె వాణ్ణి తప్పించుకుని లోపలికి వెళ్ళింది. నేలలోని కొంకీకి చైన్‌ కప్పీ తగిలించి ఉంది. గొలుసు బిగుసుకుని తంబూరా తీగలా సన్నగా మోగుతోంది. అవతలి కొస కారు ముందు మూలకి. లోపల అడ్డపట్టీ పెట్టి, వాడే అక్కడక్కడా అతికాడు. కోడిరెట్టల్లా ముద్దముద్దగా ఉన్నాయి అతుకులు. గుండ్లు నాలుగూ నాలుగు సుద్దచుక్కల మీద కచ్చితంగా నిలబడి ఉన్నాయి.

"చూశావా? నువ్వు వారం పడ్డ తంటా నేను గంటలో తేల్చా. నా అతుకులు చూసి నవ్వకు. వాటి మీద నువ్వొకసారి నీ వెల్డింగ్ గీత లాగేస్తే చాలు. కారుని మోసుకెళ్ళే ట్రాలీ వాణ్ణి మాట్లాడటానికి వెళ్తున్నా."

"లాగను," అంది అక్క.

"ఏంటీ?"

ఆమె చెప్పింది. నీలం తలుపు, అంకెలు, ఆయన కూతురు, అయిదో మలుపు. ఎప్పుడూ ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడని మనిషి కావడంతో మాటలు ముందువి వెనకా వెనకవి ముందూ అయ్యాయి. తమ్ముడు వింటున్నంతసేపూ నవ్వడానికి ప్రయత్నించాడు. నవ్వు సగంలో ఆగింది.

"ముందు భాగం మార్చారని నీకు తెలుసు కదూ?"

"తెలుసు. చెబితే నువ్వు ముట్టుకోవని చెప్పలేదు. అయితే ఏంటక్కా? యాక్సిడెంట్ అవని కారు ఏదుంది? ఆ ముసలాయనకి కూతురు పోయి మతి చెడింది. ఇనుముకి ఎడమా కుడీ ఏం తెలుసు?"

"నాకూ తెలీదు. కానీ ఇరవై దాకా అన్నీ నిజమయ్యాయి కదా. చివరిది మాత్రం ఎందుకు కాకుండా పోతుంది?"

"రెండేళ్ళక్కా," అన్నాడు వాడు. గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "రెండేళ్ళు ఈ పందెం కోసం తిరిగా. నువ్వు చెయ్యకపోతే ఇంకెవడి చేతో చేయిస్తా." తలుపు విసురుగా తోసుకుని ట్రాలీ కోసం వెళ్ళిపోయాడు.

అక్క ఒక్కతే మిగిలింది. కాసేపు గోడకి తగిలించిన మాస్కు వంక చూసింది. పదకొండేళ్ళలో ఆమె సున్నా వచ్చిన చట్రాన్ని ఒక్కసారి కూడా చెడగొట్టలేదు. తర్వాత కప్పీ పళ్ళు ఒక్కొక్కటే వదులుతూ గొలుసు సడలించింది. గ్రైండరు తీసుకుని లోపల మోకాళ్ళ మీద కూర్చుంది. తమ్ముడి అతుకులు కొయ్యడం పెద్ద పని కాదు. మూడోది తెగగానే పట్టీ దానంతటదే ఠంగుమని విడిపోయింది. కారంతా ఒక్కసారి, ముక్కు దిబ్బడ విడిచిన మనిషిలా, పొడుగ్గా ఊపిరి వదిలినట్టు చప్పుడు చేసింది. గుండ్లు నెమ్మదిగా ఎడమకి నడిచి, పొద్దున్నటి ఇరవై దగ్గర ఆగాయి.

తర్వాత ఆమె నేల మీది సున్నా మీద గ్రైండరు పెట్టి, అంకె పోయి మెరుపు మిగిలేదాకా అరగదీసింది. మిగతా అంకెల్ని ముట్టుకోలేదు. మళ్ళీ ఎవరి చేతికైనా వస్తే వాళ్ళకి అవి కావాలి.

తమ్ముడు ట్రాలీతో వచ్చి చూశాడు. తెగిన పట్టీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకి తేలికగా ఉండేది. ట్రాలీ వాణ్ణి పంపేసి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

ఆదివారం బావకి డ్యూటీ లేదు. ముగ్గురూ పెరటి మెట్ల మీద కూర్చున్నారు, ఒక్కొక్కళ్ళూ ఒక్కో మెట్టు మీద. షెడ్డు తలుపు మూసి ఉంది. బావ టీ గ్లాసు ఊదుకుంటూ ఇద్దరి ముఖాలూ చూసి, "మా బస్సు కూడా ఎడమకే లాగుతుంది. ఇరవయ్యేళ్ళుగా లాగుతోంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు పాపం," అన్నాడు. ఎవరూ పలకలేదు. "సరే, నేనూ మాట్లాడను," అని టీ తాగేశాడు.

తమ్ముడి చేతిలో స్టాప్‌వాచీ ఉంది. ఎందుకు తెచ్చుకున్నాడో ఆమె అడగలేదు. పదకొండూ ఇరవై అయింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు మీట నొక్కింది. సత్తు మూత లేదు, ఖాళీ చేతులే గాలిలోకి లేచాయి.

"ఒకటి కుడి," అన్నాడు నోట్లోనే. "రెండు కుడి, సన్నది."

పెరట్లో ఆరేసిన బట్టలు ఊగడం మానేశాయి.

"మూడు ఎడమ. నాలుగు కుడి." వాడి నుదుట చెమట పట్టింది. నిమిషం దాటింది. "అయిదు..."

షెడ్డు లోపల్నుంచి వచ్చింది చప్పుడు. ముందు ఒక టిక్. తర్వాత వందల టిక్కులు, ఆగకుండా, వడగళ్ళు రేకుల మీద పడ్డట్టు. ఆ వెంటనే ఇనుము నేల మీద ఈడ్చుకుపోతున్న పొడవాటి కీచుమోత. చివర రెండు స్టాండ్లు పడిన దబ్బుమన్న చప్పుడు. ఇక నిశ్శబ్దం.

బావ చేతిలో గ్లాసు జారింది. అక్క అప్పటికే తమ్ముడి మణికట్టు పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు.

తలుపు తోశారు. ఎండలో దుమ్ము తేలుతోంది. కారు ముందు భాగం స్టాండ్ల మీంచి దిగి, చక్రాల మీద నిలబడి, ఎడమ గోడకి జానెడు దూరంలో ఆగి ఉంది. వెనక భాగం పెట్టిన చోటే ఉంది. స్టీరింగ్ చివరికంటా ఎడమకి తిరిగి, ఇంకా సన్నగా వణుకుతోంది. తాళంచెవి అక్క ఏప్రన్‌లో ఉంది, ఏప్రన్ వంటింట్లో కొక్కేనికి ఉంది.

తమ్ముడు చూస్తున్నది అది కాదు. నేలని చూస్తున్నాడు. కారు కిందికి దిగినప్పుడు ముందు గుండు మొన గచ్చుని తాకింది. తాకి, కారుతోపాటే జరుగుతూ, సుద్ద దుమ్ములో ఒక గీత గీసింది. ఎక్కడా తడబడకుండా, ముందు కొంచెం తిన్నగా, తర్వాత ఎడమకి పెద్దగా తిరిగిన వంపు.

వాడు గొంతుక్కూర్చున్నాడు. వేలితో ఆ గీత వెంట మొదట్నుంచి చివరిదాకా నెమ్మదిగా వెళ్ళాడు. తను వెయ్యిసార్లు కళ్ళు మూసుకుని వెళ్ళిన దారే అది.

"ఇది అయిదోదక్కా," అన్నాడు.

బావ గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఇనుము టిక్కుమంటుందేమో అని అక్క చెవి ఒగ్గింది. ఏమీ లేదు. ఆ కారు వచ్చినప్పటినుంచీ షెడ్డు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు.

తమ్ముడు లేచి టేపు తెచ్చాడు. ఒక కొస ఆమె చేతికిచ్చాడు. వద్దనబోయి, వాడి ముఖం చూసి ఊరుకుంది. కుడి వెనక మూల నుంచి ఎడమ ముందు మూలకి పట్టారు. తర్వాత అవతలిది. వాడు వంగి టేపు చూశాడు. మళ్ళీ చూశాడు. తల ఎత్తి, "సు..." అని ఆ అంకె చెప్పబోయాడు.

అక్క చప్పున వాడి నోటి మీద చెయ్యి పెట్టింది.